పచ్చగా ఉందంటే బాగున్నట్టేనా? చౌక్తడా రేవు, సీసం, చలిదేశపు మొక్కలు

చౌక్తడా అంటే బర్మా భాషలో రాతి వంతెన. చౌక్ అంటే రాయి, తడా అంటే వంతెన. యాంగోన్ నడిబొడ్డున, సూలే పగోడా నుంచి నది ఒడ్డు దాకా ఉన్న పేట ఇది. 1901 నాటి స్ట్రాండ్ హోటల్, ఎర్ర ఇటుకల హైకోర్టు, సిటీ హాలు, పోర్టు ఆఫీసు అన్నీ ఇక్కడే. ఆర్వెల్ బర్మా నవలలో ఈ పేరుతో ఒక ఊరు వస్తుంది కానీ అది ఇది కాదు. ఉత్తరాన ఉన్న కథా అనే ఊరికి ఆయన పెట్టుకున్న మారుపేరు అది. నేను పనిచేసే ఆఫీసు ఇక్కడి పన్‌సొడాన్ వీధిలో ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో దాన్ని ఫేర్ స్ట్రీట్ అనేవాళ్ళు. ఆ వీధి చివరిదాకా నడిస్తే నది వస్తుంది. మన ముత్తాతల కాలంలో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల మనిషి 'రంగం ఎల్తన్నా' అన్నాడంటే చివరికి వచ్చి దిగేది ఈ నది ఒడ్డునే.

1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సుమారు 4 లక్షల మంది ఉంటే, అందులో 2 లక్షల 12 వేల మందికి పైగా భారతీయులు. అంటే సగానికంటే ఎక్కువ. ఓడల్లో సరుకు ఎక్కించి దించే పని దాదాపు మొత్తం తెలుగు కూలీల చేతిలో ఉండేది. వాళ్ళని ఇక్కడ కోరంగీలు అనేవాళ్ళు. మన కోరంగి రేవు పేరు మీద వచ్చిన పిలుపు అది, గౌరవంగా పిలిచింది మాత్రం కాదు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తెస్తాడు, మేస్త్రీయే పనిలో పెడతాడు, కూలీలోంచి మేస్త్రీయే కోసుకుంటాడు. ఏజెంటుకి డబ్బు కట్టి గల్ఫ్ వెళ్ళినవాళ్ళకి ఈ లెక్క నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

1930 మే నెలలో ఈ తెలుగు రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలని తెచ్చి పని నడిపించాయి. సమ్మె పరిష్కారమయ్యాక బర్మా కూలీలని పొమ్మన్నాయి. మే 26న గొడవ మొదలైంది. అధికారుల లెక్కలోనే వంద మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళు. దీని మీద ఇంతకుముందు ఎపిసోడ్ చేశాం కాబట్టి ఇక్కడ ఆపుతున్నాను. ఈసారి సంగతి ఆ కూలీల భుజాల మీద వెళ్ళిన ఒక సరుకు గురించి.

బియ్యం, టేకు, కిరోసిన్ అందరికీ తెలుసు. సీసం గురించి ఎవరూ చెప్పరు.

ఉత్తర షాన్ రాష్ట్రంలో, లాషియో వైపు కొండల్లో బాడ్విన్ అనే గని ఉంది. పేరుకి అర్థం వెండి గొయ్యి. పదిహేనో శతాబ్దం నుంచి 1868 దాకా చైనా వాళ్ళు అక్కడ వెండి తీశారు. వాళ్ళకి కావాల్సింది వెండి మాత్రమే. సీసం నిండిన కిట్టాన్ని లోయల్లోకి దొర్లించేశారు. కొలిమికి బొగ్గు కావాలి, బొగ్గుకి చెట్టు కావాలి. నాలుగు వందల ఏళ్ళు అలా సాగితే కొండలు ఏమవుతాయో ఊహించుకోండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ కంపెనీ వచ్చింది అసలు గని కోసం కాదు, ముందు ఆ పాత కిట్టం కోసమే. దాన్ని మళ్ళీ కరిగిస్తే సీసం వస్తుందని. ఆ వ్యవహారంలో ముఖ్యుడు హెర్బర్ట్ హూవర్ అనే అమెరికన్ ఇంజనీరు. అవును, 1929లో అమెరికా అధ్యక్షుడైన ఆ హూవరే. ఆయన సొంత ఆస్తిలో పెద్ద భాగం ఈ షాన్ కొండల్లోంచి వచ్చిందే. తర్వాత బర్మా కార్పొరేషన్ ఏర్పడింది. ప్రపంచంలోని పెద్ద సీసం-వెండి గనుల్లో ఒకటిగా బాడ్విన్‌కి పేరొచ్చింది. నమ్‌టు అనే ఊళ్ళో కొలిమి పెట్టారు.

నమ్‌టు కొలిమిలో కరిగిన సీసం దిమ్మలు చిన్న రైలెక్కి నమ్యావ్ దాకా వచ్చేవి. అక్కడ లాషియో - మాండలే లైను మీద పెద్ద రైలెక్కి, 1900లో కట్టిన గోక్‌టెయిక్ వంతెన దాటి, మాండలే మీదుగా రంగూన్ రేవుకి. సీసం బరువు ఎంతంటే, లీటరు నీళ్ళ సీసాలో నీళ్ళకి బదులు సీసం పోస్తే పదకొండు కిలోల పైన తూగుతుంది. రేవులో ఎత్తే పని తెలుగువాళ్ళది కాబట్టి, ఆ దిమ్మలు మోసిన భుజాల్లో ఎక్కువ భాగం మన భుజాలే అయ్యుంటాయి.

ఒక మాట సరిగ్గా చెప్పుకోవాలి. గట్టి దిమ్మని చేత్తో ఎత్తినంత మాత్రాన సీసం ఒంట్లోకి పెద్దగా పోదు. పోయేది పొగలోంచి, దుమ్ములోంచి, కడగని చేత్తో తిన్న అన్నంలోంచి. ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ నమ్‌టు కొలిమి దగ్గర పనిచేసినవాళ్ళకి. అందుకని రేవు కూలీలందరూ సీసం విషంతో పోయారని నేను చెప్పను. అలాంటి మాటలు వినడానికి బాగుంటాయి, చరిత్ర మాత్రం కాదు.

ఈ సీసం కథలో మొక్కలు ఎందుకొచ్చాయంటే, ఎపిసోడ్ తయారు చేస్తున్నప్పుడు గల్ఫ్‌లో పాత బ్యాటరీల స్క్రాప్ యార్డులో పనిచేసే ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా యార్డుల గోడకానుకొని గడ్డి పచ్చగ మొలుస్తది. మట్టిల సీసం ఉంటే గడ్డి ఎట్ల బతుకుతది? మావోళ్ళు ఆ గడ్డినే చూపెట్టి ఏం గాదు పో అంటున్నరు." నాకు ఇంతకంటే మంచి ప్రశ్న ఈ మధ్య రాలేదు. దీనికి జవాబు దొరికేది ఎడారిలో కాదు, షాన్ కొండల్లో కూడా కాదు. యూరప్ చలిదేశాల పాత గనుల దగ్గర. అక్కడ గనులూ పాతవే, వాటి పక్కన కూర్చుని గడ్డిపరకలు లెక్కపెట్టే ఓపికున్న మనుషులూ ఉన్నారు. సీసం ఎక్కడైనా సీసమే కాబట్టి అక్కడ తెలిసింది మనకీ పనికొస్తుంది.

నార్వేలో రోరస్ అనే ఊళ్ళో 1644 నుంచి 1977 దాకా రాగి తవ్వారు. మైనస్ 50 డిగ్రీలు చూసిన ఊరు. అక్కడ గులాబీ రంగు పూలు పూసే చిన్న మొక్కని రాగి పువ్వు అంటారు. మిగతా మొక్కలు చచ్చే రాగి మట్టిలో అది హాయిగా పూస్తుంది. అది గుంపుగా కనపడితే కింద రాగి ఉందేమో అని చూసేవాళ్ళు. ఇప్పటి బెల్జియం, జర్మనీ సరిహద్దులో కెల్మిస్ అని ఇంకో ఊరు. అక్కడి జింకు గని ఎవరిదో తేలక ప్రష్యా, నెదర్లాండ్స్ తగువు పడి, చివరికి ఆ ముక్కని 1816 నుంచి ఇద్దరికీ ఉమ్మడిగా తటస్థ నేలగా వదిలేశారు. వందేళ్ళకి పైగా అలాగే ఉండిపోయింది. ఆ జింకు మట్టిలో పసుపు పచ్చ వయొలెట్ పువ్వొకటి, ఆల్పైన్ పెన్నీక్రెస్ అనే తెల్ల పూల మొక్కొకటి పెరుగుతాయి. ఈ రెండోది మన ఆవ మొక్కకి చుట్టం, ఒకే కుటుంబం. చలి బాగా తగిలితే కానీ పూత పట్టదు. 1885లో బౌమన్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాని ఆకులు ఎండబెట్టి పరీక్షిస్తే నూటికి ఒక వంతు పైన జింకు తేలింది. కిలో ఎండుటాకులో పది గ్రాముల పైమాట. మామూలు ఆకులో గ్రాములో పదో వంతు కూడా ఉండటం కష్టం.

అంటే విషపు మట్టిలో మొక్క బతకడానికి రెండు దారులున్నాయన్నమాట. ఒకటి, లోహాన్ని వేరు దగ్గరే ఆపేయడం. వేరు చుట్టూ ఉండే గోడలకి అంటించి, లోపలికి పోయిన దాన్ని వేరు కణాల్లోనే కట్టడి చేసి, ఆకు దాకా రానివ్వకపోవడం. గడ్డిజాతులు ఎక్కువగా చేసేది ఇది. సీసం విషయంలో దాదాపు అన్ని మొక్కలూ ఇదే చేస్తాయి. రెండోది, పెన్నీక్రెస్ దారి. లోపలికి లాక్కుని, ఆకుదాకా మోసుకెళ్ళి, ఆకు కణాల్లో ఉండే నీటి సంచిలో పెట్టి తాళం వేయడం. అంత విషం ఆకులో ఉంటే పురుగు తినదు, మొక్కకి అదొక లాభం.

మొక్కలు లోహాన్ని కట్టిపడేసే ఒక పద్ధతిని 1985లో జర్మనీలో గ్రిల్, విన్నాకర్, జెంక్ అనే ముగ్గురు బయటపెట్టారు. లోహం లోపలికి రాగానే చాలా మొక్కలు గ్లూటాథయోన్ అనే తమ దగ్గరున్న పదార్థంతో చిన్న గొలుసులు అల్లుతాయి. వాటికి ఫైటోకెలాటిన్లు అని పేరు. వాటిలో ఉండే గంధకం, కాడ్మియం లాంటి లోహాలని గట్టిగా పట్టుకుంటుంది. ఆ మూటని మొక్క సంచిలోకి నెట్టేస్తుంది. చలికీ దీనికీ సంబంధం ఇక్కడే వస్తుంది. గట్టి చలి పడ్డా, కరువొచ్చినా, లోహం తగిలినా కణం లోపల జరిగే నష్టం కొంతవరకు ఒకటే. నీటికి కటకట, చురుకైన ఆక్సిజన్ ఎక్కువై కణాన్ని కాల్చేయడం. చలికి అలవాటు పడిన మొక్క ఆ మంట ఆర్పే సరుకు ముందే పోగేసుకుని ఉంటుంది. అదే గ్లూటాథయోన్, చక్కెరలు, ప్రోలిన్ లాంటివి. అందుకని చలికి ఓర్చే మొక్కకి లోహం దగ్గర కొంచెం ముందడుగు ఉంటుంది. కొంచెమే. చలిని తట్టుకుంది కదా అని సీసాన్నీ తట్టుకుంటుందని కాదు. సీసాన్ని తట్టుకున్న గడ్డి రాగి దగ్గర చచ్చిపోవచ్చు కూడా.

ఆ తమ్ముడి ప్రశ్నకి అసలు జవాబు వేల్స్‌లో ఉంది. గొగినాన్ అనే పాత సీసం గని వ్యర్థం మీద మామూలు బెంట్ గడ్డి పెరుగుతోంది. గొర్రెలు మేసే పక్క పొలంలోనూ అదే గడ్డి, అదే జాతి. ఆంథొనీ బ్రాడ్‌షా అనే వృక్షశాస్త్రవేత్త రెండు చోట్ల గడ్డినీ తెచ్చి గని మట్టిలో నాటాడు. గని గడ్డి పెరిగింది. పొలం గడ్డికి వేరే పట్టలేదు, చచ్చిపోయింది. 1952లో ఈ సంగతి అచ్చయింది. తర్వాత ఆయనా ఆయన శిష్యులూ చేసిన పనిలో తేలిందేంటంటే, ఇలాంటి గడ్డి గింజలు మామూలు పొలం నుంచి తెచ్చి వేల కొద్దీ విషపు మట్టిలో చల్లితే, వెయ్యికి ఒకటో రెండో బతుకుతాయి. మిగతావన్నీ పోతాయి. ఆ ఒకటి రెండు పిల్లలు పెట్టి, వాటి పిల్లలు పిల్లలు పెట్టి, కొన్నేళ్ళకి అక్కడంతా పచ్చగా కనబడుతుంది. లివర్‌పూల్ దగ్గర ప్రెస్కాట్‌లో ఒక రాగి శుద్ధి ఫ్యాక్టరీ చుట్టూ గడ్డిలో ఈ మార్పు రావడానికి మనిషి ఆయుష్షులో సగం కూడా పట్టలేదు.

కాబట్టి తమ్ముడూ, మీ యార్డు గోడ పక్కన గడ్డి పచ్చగా ఉందంటే మట్టి బాగుందని కాదు. ఆ గడ్డి విషాన్ని వేరు దగ్గర ఆపుకునే రకమై ఉండొచ్చు. చచ్చిన తొమ్మిది వందల తొంభై ఎనిమిది నీకు కనబడవు, అంతే. మన మట్టి మంచిదని చెప్పడానికి ఎవరైనా గడ్డి చూపించారంటే వాళ్ళ దగ్గర చూపించడానికి పరీక్ష రిపోర్టు లేదని అర్థం.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ చదువుతుంటే ఫిన్లాండ్ సంగతి ఒకటి దొరికింది. అది తెలిసినప్పటి నుంచి నా ఆలోచనంతా అటే పోతోంది.

ఫిన్లాండ్‌లో హర్యావల్టా అనే ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సరిహద్దుకి దగ్గరగా ఉన్న రాగి కొలిమిని విప్పి, రైళ్ళలో పశ్చిమానికి తెచ్చి అక్కడ పెట్టారు. తర్వాత నికెల్ కూడా మొదలైంది. దశాబ్దాల పొగకి కొలిమి చుట్టూ పైన్ అడవి కింద నేల బోడిగా అయిపోయింది. నాచు పోయింది, గడ్డి పోయింది. అర కిలోమీటరు దూరంలో కూడా బతికి కనపడింది క్రౌబెర్రీ. ధ్రువ ప్రాంతాల దాకా పెరిగే పొట్టి పొద అది. సూదుల్లాంటి ఆకులు, మిరియాల్లా నల్లని పళ్ళు, మంచు కింద ఆరు నెలలున్నా పచ్చగానే ఉంటుంది. సతు మోన్ని, ఆవిడ తోటి శాస్త్రవేత్తలు దాన్ని కోసి ఏ భాగంలో ఎంత లోహం ఉందో చూశారు. రాగీ నికెలూ ఎక్కువగా పాత కాండాల్లో, బెరడులో చేరి ఉన్నాయి. కొత్తగా వచ్చే చిగురుని వీలైనంత శుభ్రంగా ఉంచి, విషాన్ని ముసలి కొమ్మల్లో దాచుకుంటోందా పొద. ఊరికే కాదు, ఖర్చు ఉంది. కొలిమికి దగ్గరయ్యే కొద్దీ ఎదుగుదల తగ్గింది, ఆకుల్లో పచ్చదనం తగ్గింది. అయినా బతికింది.

అక్కడి నుంచి ఇంకా ఉత్తరాన, రష్యాలోని కోలా ద్వీపకల్పంలో మోంచెగోర్స్క్ అనే ఊరుంది. అక్కడా నికెల్, రాగి కొలిమే, ఆ చుట్టుపక్కలా ఇదే క్రౌబెర్రీ. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో ఆ పొదల వయసు లెక్కపెట్టారు. కొలిమి దగ్గర బోడి నేలలో బతికున్నవన్నీ ముసలివి. కాలుష్యం ముదరక ముందు పాతుకుపోయినవి. వాటి పక్కన పిల్ల మొక్కలు లేవు. పెద్ద పొదకి లోతుకి పోయిన వేరుంది, పాత కాండాల గోదాము ఉంది, అందుకని తట్టుకుంటోంది. గింజలోంచి వచ్చిన మొలకకి వేలెడు పైమట్టే ప్రపంచం. విషమంతా ఉండేది ఆ వేలెడు మట్టిలోనే. చలిదేశంలో ఆకులు కుళ్ళడం నెమ్మది కాబట్టి లోహం పైపొరలోనే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. పైనుంచి చూసేవాడికి పచ్చని పొదలు కనబడతాయి. వంగి చూసేవాడికి మాత్రమే పిల్లలు లేరని తెలుస్తుంది.

సీసం మనుషుల్లో కూడా దాదాపు ఇలాగే చేస్తుంది. పెద్దవాడి ఒంట్లోకి పోయిన సీసంలో ఎక్కువ భాగం ఎముకల్లో చేరుతుంది. రక్తంలో ఉన్నది సగం తగ్గడానికి సుమారు నెల పడితే, ఎముకలో ఉన్నది దశాబ్దాలు ఉంటుంది. పాత కొమ్మల్లో దాచుకున్నట్టే. తలనొప్పి, కడుపునొప్పి, మలబద్ధకం, చేతుల్లో బలం తగ్గడం, బీపీ, ఇలా నెమ్మదిగా కనబడుతుంది, లేదంటే ఏళ్ళ తరబడి కనబడదు. చిన్నపిల్లల సంగతి వేరు. నోట్లోకి పోయిన సీసంలో పిల్లల ఒళ్ళు పీల్చుకునేది పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. అది పోయేది ఎదుగుతున్న మెదడులోకి. ఇంత వరకు ఫర్వాలేదు అనే లెక్క లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి ఎముకల్లోని పాత సీసం రక్తంలోకి దిగి బిడ్డకి చేరుతుంది.

ఇది నిన్న మొన్న తెలిసింది కాదు. బ్రిటన్‌లో ఫ్యాక్టరీ కార్మికులకి సీసం విషం తగిలితే ప్రభుత్వానికి చెప్పి తీరాలని 1895లోనే చట్టం చేశారు. 1898లో థామస్ లెగ్ అనే డాక్టర్ని ఫ్యాక్టరీల మొదటి వైద్య ఇన్‌స్పెక్టర్‌గా పెట్టారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టిన మొదటి సమావేశంలోనే, సీసం, జింకు కొలిమి పనుల్లో ఆడవాళ్ళనీ పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలనీ పెట్టొద్దని సిఫారసు చేశారు. అదే 1919లో బర్మా కార్పొరేషన్ రిజిస్టరైంది. అంటే ఆ దిమ్మలు ఇక్కడి రేవు దాటే రోజులకే లండన్‌లో సంగతి పూర్తిగా తెలుసు.

ఇప్పుడు మన ఆవ దగ్గరికి వద్దాం. చౌక్తడా వీధుల్లో షాన్ నూడుల్స్ తింటే పక్కన చిన్న పళ్ళెంలో పులిసిన ఆవకూర పెడతారు. ఇక్కడ మోన్యిన్‌జిన్ అంటారు. మనకి ఆవాలు పోపులోకి, ఆవ పెట్టిన కూరలోకి. వీళ్ళకి ఆకే ముఖ్యం. చలికాలపు పంట అది, కొద్దిపాటి మంచుకి బెదరదు. లోహాలు పీల్చుకునే మొక్కల్లో ప్రపంచమంతా పేరున్నదీ ఇదే ఆవ. 1990ల్లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం ట్రెంటన్‌లో, ఒకప్పుడు బ్యాటరీలు చేసిన ఫ్యాక్టరీ స్థలంలో సీసం తీయడానికి భారతీయ ఆవ మొక్కలనే నాటారు. పత్రికలన్నీ మొక్కలే భూమిని కడిగేస్తాయని రాశాయి. నా ఉద్దేశంలో అంత గొప్పగా చెప్పుకోవాల్సిందేమీ లేదు. సీసం వేరు దాటి పైకి రావడమే కష్టమని పైన చెప్పుకున్నాం కదా. దాన్ని ఆకుదాకా రప్పించడానికి మట్టిలో ఈడీటీఏ అనే రసాయనం పోయాల్సి వస్తుంది. అది పోస్తే సీసం ఆకులోకే కాదు, భూగర్భజలంలోకీ దిగుతుంది. కాడ్మియం, జింకు, నికెల్‌కి మొక్కల వైద్యం కొంత పనిచేస్తుంది. సీసం దగ్గర మాత్రం పైన గడ్డి పెంచి దుమ్ము లేవకుండా ఆపడమే నమ్మదగిన పని. వేల్స్ వాళ్ళు చేసింది అదే. గొగినాన్ గడ్డిని ఆ ఊరి పేరుతోనే విత్తనంగా అమ్మారు.

కెనడాలోని సడ్బరీ ఇంకో దారి పట్టింది. నికెల్ కొలిమి పొగతో నల్లబడిన రాతి కొండల మీద 1978 నుంచి సున్నపురాయి పొడి బస్తాలతో మోసి, చేత్తో చల్లారు. మొదట్లో చాలావరకు కాలేజీ కుర్రాళ్ళు. సున్నంతో మట్టి పులుపు తగ్గి లోహం వేరుకి అందకుండా బిగుసుకుంటుంది. తర్వాత గడ్డి, ఆ తర్వాత చెట్లు. ఇప్పటికి నాటిన చెట్లు కోటి దాటాయి. హర్యావల్టాలో కూడా విషపు నేల మీద కంపోస్టు, చెక్కపొట్టు కలిపి మందంగా పరిచి, అందులో పిల్ల మొక్కలు నాటారు. పిల్ల వేరుకి ముందు శుభ్రమైన మట్టి అందించడం అన్నమాట.

మన దగ్గర ఈ చదువులో పెద్ద పేరు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రొఫెసర్ ఎం.ఎన్.వి. ప్రసాద్‌ది. మొక్కల్లో భార లోహాల ఒత్తిడి మీద ఆయన కూర్చిన పుస్తకాలు యూరప్ ల్యాబుల్లోనూ చదువుతారు. అదే నగరంలో కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసంతో పాటు ఇతర లోహాలు ఎక్కువగా ఉన్నాయని ఎన్జీఆర్ఐ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించారు. విశాఖలో జింకు స్మెల్టర్ 1977 నుంచి 2012 దాకా నడిచింది. బర్మా నుంచి తరిమేస్తే తిరిగొచ్చిన మన కుటుంబాల 'బర్మా క్యాంపు' ఉన్న ఊరు కూడా ఆ విశాఖే. ఇవన్నీ ఎందుకంటే, మనలో చాలామంది పంపే డబ్బుతో ఇంటివాళ్ళు నగరం అంచున ప్లాటు కొంటున్నారు. పాత ఫ్యాక్టరీ పక్కన చవగ్గా వచ్చిందని కొన్నప్పుడు, అక్కడ తోటకూర ఏపుగా పెరుగుతోందని సంబరపడకండి. ఆకుకూరలు కాడ్మియంని ఆకులోకి లాక్కుంటాయి, చూడటానికి తేడా ఏమీ ఉండదు. మట్టి పరీక్ష చేయించేటప్పుడు ఎరువుల పరీక్ష వేరు, లోహాల పరీక్ష వేరు. సీసం, కాడ్మియం అని పేరు పెట్టి అడగండి.

బ్యాటరీ స్క్రాప్, పాత పెయింట్ గీకడం, ఓడలు విరగ్గొట్టడం, రేడియేటర్ రిపేరు, పాత ఎలక్ట్రానిక్ సామాను కాల్చడం లాంటి పనుల్లో ఉన్నవాళ్ళు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పని బట్టలతో గదికి రావొద్దు, అక్కడే మార్చుకుని సంచిలో కట్టేయండి. ఆ బట్టలు మిగతా వాటితో కలిపి ఉతకొద్దు. తినే ముందు, సిగరెట్ ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడగండి, యార్డులో కూర్చుని తినొద్దు. దుమ్ము ఊడవకుండా తడిబట్టతో తుడవండి. ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష అడగండి, మామూలు హెల్త్ చెకప్‌లో అది ఉండదు. సెలవుకి ఇంటికెళ్ళేటప్పుడు పని బూట్లు అక్కడే వదిలేయండి. గల్ఫ్ నుంచి పాత బ్యాటరీలు తెచ్చి ఇంటి పెరట్లో విప్పే చిల్లర వ్యాపారం గురించి కూడా విన్నాను. పిల్లలున్న ఇంట్లో అది వద్దే వద్దు.

ఆ తమ్ముడు రక్తపరీక్ష చేయించుకున్నాడు. రిపోర్టు రావాల్సి ఉంది. వచ్చే ఎపిసోడ్ 1942లో రంగూన్ నుంచి కొండలు దాటి నడిచొచ్చినవాళ్ళ గురించి. మీ ఇళ్ళలో ఆ నడక కథలు విన్న పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి పంపండి.